ఓపెన్‌బీఎస్‌డీ మీద రస్ట్ నేర్చుకోవడం ఎలా మొదలుపెట్టాలి?

అన్వేషి

అందరికీ నమస్కారం. నా రోజువారీ పనంతా ఓపెన్‌బీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే ల్యాప్‌టాప్ మీదే సాగుతుంది. సీ భాషలోనూ పైథాన్‌లోనూ నాకు కావలసిన చిన్న సాధనాలు రాసుకోగలను. మెమరీ విషయంలో జరిగే పొరపాట్లను కంపైలరే ముందుగా పట్టుకునే భాష కావడం వల్ల ఇప్పుడు రస్ట్‌ను శ్రద్ధగా నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను.

అయితే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాను. అధికారిక పేజీలో చెప్పినట్లు, రస్ట్‌ను తెచ్చి అమర్చే రస్టప్ అనే సాధనపు స్క్రిప్టును నడిపితే, ఈ ఆపరేటింగ్ సిస్టమ్ ఏమిటో తెలియదంటూ అది ముగిసిపోయింది. నేను చూసిన పాఠాలలో దాదాపు ప్రతిదీ రస్టప్‌ను స్థాపించుకోవడంతోనే మొదలవుతుంది. ఓపెన్‌బీఎస్‌డీ ప్యాకేజీలలో రస్ట్ ఉన్న మాట నిజమే గాని, దాని వెర్షన్ అధికారికంగా విడుదలైన తాజా వెర్షన్ కంటే వెనకబడి ఉంది.

ఆ ప్యాకేజీతోనే నేర్చుకోవడం మొదలుపెడితే ముందు ముందు ఇబ్బంది పడతానా? కంపైలర్‌ను మూలం నుంచి నేనే నిర్మించుకోవడం మేలా? లేక ఈ సిస్టమ్‌ను పక్కనబెట్టి లైనక్స్ మీద నేర్చుకోవడమే సరైన దారా? ఈ సిస్టమ్‌ను వదులుకోవాలని నాకు లేదు. అయినా భాష నేర్చుకోవలసిన సమయమంతా స్థాపన సమస్యలకే ఖర్చవుతుందేమోనన్న సందేహం పీడిస్తోంది. అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

పోర్టుల పనివాడు

అన్వేషి గారూ, రస్టప్ ఊసే ఎత్తకుండా, ప్యాకేజీలను స్థాపించే పీకేజీ_యాడ్ ఆదేశంతో రస్ట్ ప్యాకేజీని స్థాపించుకోండి. కంపైలర్, కార్గో (ప్రాజెక్టును నిర్మించి, దానికి కావలసిన లైబ్రరీలను తెచ్చే సాధనం) రెండూ అందులోనే వస్తాయి. రస్ట్-క్లిప్పీ (కోడ్‌లో లోపాలను సూచించేది), రస్ట్-రస్ట్‌ఎఫ్ఎంటీ (కోడ్‌ను పొందికగా అమర్చేది), రస్ట్-ఎస్ఆర్‌సీ అనే ప్యాకేజీలను కూడా అప్పుడే చేర్చుకుంటే మంచిది. ఎడిటర్‌లో సూచనలు చూపించే రస్ట్-ఎనలైజర్‌కు ప్రామాణిక లైబ్రరీ మూలం కావాలి, అది చివరి ప్యాకేజీలో ఉంటుంది.

రస్టప్ ఎందుకు పనిచేయలేదో తెలుసుకుంటే మీ మిగిలిన సందేహాలు కూడా చాలావరకు తీరతాయి. రస్ట్ ప్రాజెక్టు తాను మద్దతిచ్చే వేదికలను మూడు అంచెలుగా విభజించింది. మొదటి అంచెలోనివి పనిచేస్తాయని పరీక్షలతో సహా హామీ ఇస్తుంది. రెండో అంచెలోనివి కనీసం కంపైల్ అవుతాయని హామీ ఇస్తుంది. మూడో అంచెలోని వేదికలకు మూలంలో చోటు ఉంటుంది గాని, ప్రాజెక్టు తరఫున నిర్మాణం గాని పరీక్షలు గాని జరగవు, సిద్ధంగా ఉన్న బైనరీలు విడుదల కావు. 64 బిట్ల ఇంటెల్, ఏఎండీ యంత్రాల మీద ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ రెండో అంచెలో ఉన్నాయి, ఓపెన్‌బీఎస్‌డీ మూడో అంచెలో ఉంది. రస్టప్ చేసే పని సిద్ధంగా ఉన్న బైనరీలను తెచ్చి అమర్చడమే కనుక, బైనరీలే లేని చోట దానికి చేయడానికి పనేమీ ఉండదు.

దీనిని నిర్లక్ష్యం అనుకోకండి. దీని వెనుక సాంకేతిక కారణం ఒకటి ఉంది. ఓపెన్‌బీఎస్‌డీ ఒక విడుదలకూ తరువాతి విడుదలకూ మధ్య బైనరీ అనుకూలతను కాపాడతానని మాట ఇవ్వదు. అవసరమనుకుంటే నిర్మాణాల కొలతలను, సిస్టమ్ కాల్స్‌ను మార్చివేస్తుంది. 2014లో 5.5 విడుదలతో సమయాన్ని సూచించే రకాన్ని 32 బిట్ల యంత్రాల మీద కూడా ఒకేసారి 64 బిట్లకు మార్చడం ఇందుకు మంచి ఉదాహరణ. 2024లో వచ్చిన 7.5 విడుదల మరో అడుగు ముందుకు వేసి, సిస్టమ్ కాల్స్ ప్రామాణిక సీ లైబ్రరీలోని నియమిత స్థానాల నుంచి మాత్రమే జరగాలన్న కట్టడిని బిగించింది. రస్ట్ వైపు చూస్తే, సీ లైబ్రరీతో మాట్లాడే లిబ్‌సీ క్రేట్‌లో (రస్ట్ లైబ్రరీ ప్యాకేజీని క్రేట్ అంటారు) ఆ నిర్మాణాల కొలతలన్నీ ముందే రాసిపెట్టి ఉంటాయి. ఒకసారి నిర్మించిన బైనరీ ఏళ్ల తరబడి అన్ని విడుదలల మీదా నడుస్తుందన్న భరోసా ఇక్కడ కుదరదు. అందుకే ప్రతి విడుదలకూ సరిపోయేటట్లు కంపైలర్‌ను నిర్మించి ఇచ్చే బాధ్యతను పోర్టుల (బయటి సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్‌బీఎస్‌డీకి తగినట్లు మలిచే సేకరణ) నిర్వాహకులు తీసుకున్నారు. ఈ పనికి ఎంత ఓర్పు కావాలో దగ్గరగా చూసినవారికే తెలుస్తుంది.

కంపైలర్‌ను మీరే నిర్మించుకోవలసిన అవసరం లేదు. రస్ట్ కంపైలర్ రస్ట్‌లోనే రాసినది, ఒక వెర్షన్‌ను నిర్మించడానికి దాని ముందు వెర్షన్ చేతిలో ఉండాలి. పైగా యంత్ర కోడ్‌ను పుట్టించే ఎల్ఎల్‌వీఎం అనే భాగంతో కలిపి నిర్మించడం ల్యాప్‌టాప్‌కు పెద్ద భారం. భాష నేర్చుకునే దశలో దాని వల్ల కలిగే లాభం ఏమీ లేదు.

ఇక వెర్షన్ వెనకబాటు సంగతి. రస్ట్ ఆరు వారాలకొకసారి విడుదలవుతుంది, ఓపెన్‌బీఎస్‌డీ ఆరు నెలలకొకసారి విడుదలవుతుంది. ఒక విడుదలలో ఉన్న ప్యాకేజీ తరువాతి విడుదల వచ్చేలోగా నాలుగు వెర్షన్ల మేర వెనకబడడం సహజం. 2015 మేలో వచ్చిన 1.0 నాటి నుంచి పాత కోడ్ కొత్త కంపైలర్ మీద చెల్లాలన్న నియమాన్ని రస్ట్ పాటిస్తోంది కనుక, ఇవాళ ఈ ప్యాకేజీ మీద మీరు నేర్చుకున్నది ఏదీ వృథా పోదు. యాజమాన్యం, అరువు, జీవితకాలం, ట్రెయిట్‌లు, ఎర్రర్‌లను అందుకునే పద్ధతి వంటి మూల విషయాలు నాలుగు వెర్షన్లలో మారిపోయేవి కావు. ప్రామాణిక లైబ్రరీ పత్రాలలో ప్రతి ఫంక్షన్ పక్కన అది ఏ వెర్షన్ నుంచి ఉందో రాసి ఉంటుంది. పాఠంలోని కోడ్ కంపైల్ కానప్పుడు ముందుగా అక్కడ చూడండి.

నిజమైన ఇబ్బంది బయటి క్రేట్‌ల దగ్గర వస్తుంది. మీ కంపైలర్ కంటే కొత్తదాన్ని కోరే క్రేట్ వెర్షన్‌ను కార్గో తెచ్చిపెడితే నిర్మాణం ఆగిపోతుంది. 2025 జనవరిలో వచ్చిన 1.84 నుంచి కార్గోకు ఈ విషయంలో మంచి తెలివి వచ్చింది. ప్రతి క్రేట్ తనకు కనీసం ఏ కంపైలర్ కావాలో ప్రకటించుకున్నట్లయితే, మీ దగ్గరున్న కంపైలర్‌కు సరిపోయే వెర్షన్‌నే అది ఎంచుకోగలదు. 1.85తో వచ్చిన 2024 ఎడిషన్‌లో (ప్రాజెక్టు ఎంచుకునే భాషా నియమాల కూర్పు) ఈ పద్ధతి దానంతట అదే అమలవుతుంది. మీ ప్యాకేజీ 1.85 గాని అంతకంటే కొత్తది గాని అయితే, కార్గో న్యూ తో మొదలుపెట్టిన ప్రాజెక్టులో మీరు ప్రత్యేకంగా చేయవలసిందేమీ లేదు.

రస్టప్ లేనందువల్ల పాఠాలలో కనిపించే ఒక వాడుక మాత్రం మీ దగ్గర పనిచేయదు. కార్గో తరువాత ప్లస్ గుర్తుతో నైట్లీ (రోజూ వెలువడే ప్రయోగాత్మక కంపైలర్) అని రాసే ఆదేశాన్ని అర్థం చేసుకునేది నిజానికి రస్టప్, కార్గో కాదు. అలాగే ప్రాజెక్టులో రస్ట్-టూల్‌చెయిన్ అనే ఫైలు కనిపిస్తే దాన్ని మీ కార్గో పట్టించుకోదు. నైట్లీ తప్పనిసరిగా కావాలనే పాఠాలను ప్రస్తుతానికి వదిలేయండి.

తరంగిణి

పై జవాబులోని సాంకేతిక విషయాలన్నీ సరైనవే. అయినా నేను కొంత భిన్నంగా చెప్పదలచుకున్నాను. అన్వేషి గారి లక్ష్యం రస్ట్‌ను వేగంగా నేర్చుకొని, ఇతరులతో కలిసి ఒకే కోడ్ మీద పనిచేయడమే అయితే, మొదటి అంచె వేదిక ఒకటి చేతికి అందేటట్లు ఉంచుకోవడం వివేకం. అందుకోసం సిస్టమ్‌ను మార్చనక్కరలేదు. ఓపెన్‌బీఎస్‌డీలోనే ఉన్న వర్చువల్ మెషీన్ సదుపాయాలైన వీఎంఎం, వీఎండీల సాయంతో ఒక లైనక్స్ వర్చువల్ మెషీన్‌ను నడుపుకోవచ్చు. దానికి తెర ఉండదు, సీరియల్ కన్సోల్ ద్వారా గాని ఎస్ఎస్‌హెచ్ ద్వారా గాని మాట్లాడాలి. కంపైలర్‌తో పనికి అంతకు మించి అక్కరలేదు. 

నేను ఇలా చెప్పడానికి కారణం ఉంది. కొత్తగా నేర్చుకునేవారికి ఒక తప్పు ఎదురైనప్పుడు అది భాష తమకు ఇంకా అర్థం కానందువల్ల వచ్చిందా, లైబ్రరీ లోపమా, లేక సిస్టమ్‌లోని తేడా వల్ల పుట్టిందా అన్నది విడదీసి చూడడం కష్టం. అదే కోడ్‌ను రెండు చోట్లా నడిపి చూస్తే ఆ ప్రశ్నకు వెంటనే సమాధానం దొరుకుతుంది. నైట్లీ కావాలన్నా అక్కడ రస్టప్ ఉంటుంది. ఓపెన్‌బీఎస్‌డీలో ఒకప్పుడు లైనక్స్ బైనరీలను నేరుగా నడిపే అనుకూల పొర ఉండేది గాని, 2016 నాటి 6.0 విడుదలతో దాన్ని తొలగించారు. కాబట్టి వర్చువల్ మెషీన్ తప్ప దగ్గరి దారి లేదు.

అన్వేషి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ప్యాకేజీ స్థాపించాను. ప్రామాణిక లైబ్రరీతో మాత్రమే రాసిన అభ్యాసాలన్నీ ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తున్నాయి. తరంగిణి గారు చెప్పినట్లు పోల్చి చూసుకోవడానికి వర్చువల్ మెషీన్ కూడా సిద్ధం చేసుకుంటాను.

ఇప్పుడు రెండు వేరు సమస్యలు ఎదురయ్యాయి. అనేక క్రేట్‌ల మీద ఆధారపడిన ఒక ప్రోగ్రామ్‌ను కార్గో ఇన్‌స్టాల్ తో నిర్మించబోతే, ఇన్ని బైట్ల మెమరీ కేటాయింపు విఫలమైందంటూ కంపైలర్ మధ్యలో ఆగిపోయింది. యంత్రంలో మెమరీ ఇంకా చాలా ఖాళీగా ఉన్నట్లు టాప్ చూపిస్తోంది. వెబ్ పేజీని తెచ్చే మరొక ప్రోగ్రామ్ అయితే ఓపెన్‌ఎస్ఎస్ఎల్-సిస్ అనే క్రేట్ దగ్గర, ఈ లిబ్రెఎస్ఎస్ఎల్ (సిస్టమ్‌లోని గుప్తీకరణ లైబ్రరీ) వెర్షన్ తనకు తెలియదంటూ ఆగిపోయింది. ఈ రెండో ప్రోగ్రామ్‌ను దాని రచయిత సూచించినట్లు --లాక్డ్ అనే ఐచ్ఛికంతోనే నిర్మించాను. ఇవి నా అమరికలో లోపాలా?

పోర్టుల పనివాడు

మీ అమరికలో లోపమేమీ లేదు. ఈ వేదిక మీద రస్ట్ వాడేవారందరికీ ఈ రెండూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేవే.

మొదటిది యంత్రంలోని మెమరీకి సంబంధించినది కాదు, మీ ఖాతాకు విధించిన పరిమితికి సంబంధించినది. ఒక్కొక్క ప్రాసెస్ ఎంత డేటా మెమరీ తీసుకోవచ్చో లాగిన్.కాన్ఫ్ ఫైలులోని తరగతులు నిర్ణయిస్తాయి. యులిమిట్ -డి అని అడిగితే మీ ప్రస్తుత పరిమితి కిలోబైట్లలో కనిపిస్తుంది. సాధారణ ప్రోగ్రామ్‌లకు అది చాలినంతే గాని, పెద్ద క్రేట్‌ను ఆప్టిమైజ్ చేసే సమయంలో ఎల్ఎల్‌వీఎం ఆ గీతను సులభంగా దాటుతుంది. మీ ఖాతాను యూజర్‌మోడ్ -ఎల్ తో స్టాఫ్ తరగతిలోకి మార్చి, పూర్తిగా లాగౌట్ అయి మళ్లీ లోపలికి వచ్చి, అప్పటికీ చాలకపోతే యులిమిట్‌తో పరిమితిని పెంచుకోండి. లాగౌట్ కాకపోతే మార్పు అమలులోకి రాదు. ఆ సంగతి మరచి, మార్చినా ఫలితం లేదనుకునేవారు చాలామంది ఉన్నారు. ఒకేసారి నడిచే పనుల సంఖ్యను -జె 1 తో తగ్గించడం ఇక్కడ పనికి రాదు. ఎందుకంటే పరిమితి ప్రతి ప్రాసెస్‌కూ విడివిడిగా వర్తిస్తుంది, అన్నిటికీ కలిపి కాదు. యంత్రంలో అసలు మెమరీయే తక్కువైనప్పుడు మాత్రం -జె 1 తప్పక ఉపయోగపడుతుంది. మీ సొంత ప్రాజెక్టులలోనైతే డీబగ్ సమాచారాన్ని తగ్గించుకోవడం వల్ల కంపైలర్‌కూ లింకర్‌కూ కూడా భారం తగ్గుతుంది.

దీనితో పాటే మరొకటి చూసుకోండి. కార్గో ఇన్‌స్టాల్ తన నిర్మాణాన్ని తాత్కాలిక డైరెక్టరీలో చేస్తుంది. ఓపెన్‌బీఎస్‌డీ స్థాపకం డిస్కును అనేక భాగాలుగా విభజిస్తుంది కనుక /టీఎంపీ విడి భాగంగా, చిన్నదిగా ఉంటుంది. పెద్ద ప్రోగ్రామ్ మధ్యలో అది నిండిపోవచ్చు. కార్గో_టార్గెట్_డిర్ అనే పరిసర చరాన్ని మీ హోమ్‌లోని ఒక డైరెక్టరీకి చూపిస్తే ఆ చిక్కు ఉండదు.

రెండో సమస్య మీద కొంచెం ఎక్కువసేపు నిలవాలి. ఇలాంటి వేదిక మీద పని చేయడంలోని అసలు కిటుకు ఇందులోనే ఉంది. ఓపెన్‌బీఎస్‌డీ 2014లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ నుంచి విడిపోయి లిబ్రెఎస్ఎస్ఎల్‌ను తయారుచేసుకుంది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్-సిస్ క్రేట్ లిబ్రెఎస్ఎస్ఎల్‌కు కూడా మద్దతు ఇస్తుంది గాని, తనకు తెలిసిన వెర్షన్ల జాబితాను లోపల ఉంచుకొని, ఆ జాబితాలో లేనిది కనిపిస్తే నిర్మాణాన్ని ఆపేస్తుంది. ఓపెన్‌బీఎస్‌డీ కొత్త విడుదలతో కొత్త లిబ్రెఎస్ఎస్ఎల్ వస్తుంది, ఆ తరువాత వచ్చిన క్రేట్ వెర్షన్‌లో దాని పేరు జాబితాలో చేరుతుంది. మీరు --లాక్డ్ అన్నప్పుడు రచయిత తన యంత్రం మీద ఖరారు చేసిన పాత వెర్షన్లనే వాడమని కార్గోను ఆదేశించినట్లు. ఆ పాత క్రేట్‌కు మీ కొత్త లైబ్రరీ తెలియదు.

కాబట్టి ఇక్కడ రెండు వైపుల నుంచి లాగుడు ఉంటుంది. మీ కంపైలర్ పాతదైనప్పుడు, మరీ కొత్త క్రేట్‌లు రాకుండా --లాక్డ్ మిమ్మల్ని కాపాడుతుంది. మీ సిస్టమ్ లైబ్రరీ కొత్తదైనప్పుడు అదే ఐచ్ఛికం మిమ్మల్ని పాత క్రేట్‌కు కట్టేస్తుంది. రెంటినీ సాధించాలంటే ప్రోగ్రామ్ మూలాన్ని తెచ్చుకొని, మిగిలిన వెర్షన్లను కదపకుండా కార్గో అప్‌డేట్ తో ఓపెన్‌ఎస్ఎస్ఎల్, ఓపెన్‌ఎస్ఎస్ఎల్-సిస్ క్రేట్‌లను మాత్రమే ముందుకు జరిపి, ఆ తరువాత నిర్మించండి. మీరే రాసే ప్రోగ్రామ్‌లోనైతే సిస్టమ్ లైబ్రరీతో పని లేని రస్ట్‌ఎల్ఎస్ అనే గుప్తీకరణ క్రేట్ వైపు మొగ్గడం నా దృష్టిలో ఉత్తమం.

సీ శీర్షిక ఫైళ్లను చదివి రస్ట్ కోడ్‌ను పుట్టించే బైండ్‌జెన్ మీద ఆధారపడిన క్రేట్‌లు కూడా మీకు తారసపడతాయి. వాటికి లిబ్‌క్లాంగ్ కావాలి. మూల సిస్టమ్‌లోని క్లాంగ్‌తో అది రాదు. ఎల్ఎల్‌వీఎం ప్యాకేజీని విడిగా స్థాపించుకొని, లిబ్‌క్లాంగ్_పాత్ చరంతో దాని చోటు చూపించాలి. నిర్మాణ స్క్రిప్టు లోపల మేక్ అని పిలిచి గ్నూ మేక్ వాక్యాలను ఆశించినా ఇలాగే తడబడుతుంది. జీమేక్ ప్యాకేజీ ఉంటే చాలాసార్లు దారి దొరుకుతుంది.

సిస్టమ్‌ను తరువాతి విడుదలకు తీసుకెళ్లినప్పుడు, కార్గో ఇన్‌స్టాల్ తో మీ హోమ్‌లో పెట్టుకున్న ప్రోగ్రామ్‌లన్నిటినీ మళ్లీ నిర్మించుకోండి. పైన చెప్పిన బైనరీ అనుకూలత కారణంగా పాతవి నడుస్తాయన్న హామీ లేదు.

నిదాన పఠనం

ఇప్పటిదాకా వచ్చిన జవాబులు ఇబ్బందులను దాటడం గురించి చెప్పాయి. ఓపెన్‌బీఎస్‌డీ మీద రస్ట్ నేర్చుకోవడంలో ఉన్న లాభం ఒకటి నేను చేరుస్తాను. 2016లో 5.9తో వచ్చిన ప్లెడ్జ్, 2018లో 6.4తో వచ్చిన అన్‌వీల్ ఈ సిస్టమ్‌కు ప్రత్యేకమైన రక్షణ సదుపాయాలు. ప్రోగ్రామ్ తాను ఇక మీదట ఏ రకమైన పనులు మాత్రమే చేస్తుందో ప్లెడ్జ్ ద్వారా కెర్నల్‌కు మాట ఇస్తుంది. మాట తప్పితే కెర్నల్ ఆ ప్రోగ్రామ్‌ను అక్కడికక్కడే ముగిస్తుంది. అన్వేషి గారికి సీ తెలుసు కనుక, రస్ట్ నుంచి సీ ఫంక్షన్‌ను పిలవడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి అభ్యాసం నాకు తోచడం లేదు. ప్లెడ్జ్ రెండు అక్షరమాల పాయింటర్లను తీసుకొని ఒక పూర్ణాంకాన్ని తిరిగి ఇస్తుంది, అంతే. దాని బయటి ప్రకటనను ఎక్స్‌టర్న్ బ్లాకులో రాసి, దాన్ని అన్‌సేఫ్ బ్లాకులో పిలిచి, ఎర్రర్‌ను రిజల్ట్ రూపంలోకి మార్చి, సురక్షితమైన చిన్న ఫంక్షన్‌గా చుట్టి చూడండి. సీ శైలి అక్షరమాలను నేరుగా రాసుకునే వెసులుబాటు 1.77 నుంచి ఉంది. అంతకంటే పాత కంపైలర్ అయితే సీస్ట్రింగ్ రకాన్ని వాడాలి.

మీ ప్రోగ్రామ్ అర్ధాంతరంగా ఆగిపోయినప్పుడు డీమెసేజ్ చూస్తే ఏ అనుమతి లేక ఆగిందో అక్కడ రాసి ఉంటుంది. కేట్రేస్, కేడంప్ జంట ఇంకా వివరంగా చూపిస్తుంది. రస్ట్ ప్రామాణిక లైబ్రరీ ఫైలు తెరిచేటప్పుడు, థ్రెడ్ పుట్టించేటప్పుడు అడుగున ఏయే సిస్టమ్ కాల్స్ చేస్తోందో ఆ వరుసలో స్పష్టంగా కనిపిస్తుంది. డీబగ్గర్ విషయంలో మాత్రం మూల సిస్టమ్‌లోని జీడీబీ చాలా పాతదని గుర్తుంచుకోండి, ప్యాకేజీల నుంచి వచ్చే ఈజీడీబీని వాడండి.

తేడాలు ఎక్కడ బయటపడతాయో ముందే తెలిసి ఉండడం మేలు. నడుస్తున్న ప్రోగ్రామ్ తన ఫైలు ఎక్కడుందో తెలుసుకునే ప్రామాణిక ఫంక్షన్ ఇక్కడ పూర్తి మార్గాన్ని ఇస్తుందన్న నమ్మకం లేదు, ఎందుకంటే కెర్నల్ ఆ సమాచారాన్ని అందించదు. /ప్రాక్ డైరెక్టరీ ఉంటుందనుకొని రాసిన క్రేట్ విఫలమవుతుంది. ఫైళ్లలో మార్పులను తెలిపే లైనక్స్ సదుపాయమైన ఇనోటిఫై మీద మాత్రమే ఆధారపడినది కంపైల్ కాదు, ఇక్కడ దాని స్థానంలో ఉన్నది కేక్యూ. నడుస్తూనే యంత్ర కోడ్‌ను పుట్టించే ప్రోగ్రామ్‌లకు ఒక మెమరీ పుట మీద రాయడాన్నీ అమలు చేయడాన్నీ ఒకేసారి అనుమతించని నియమం అడ్డొస్తుంది. 6.0 నుంచి అది కచ్చితంగా అమలవుతోంది.

ఇలాంటి లోపం కనిపించినప్పుడు ముందుగా అదే కోడ్‌ను తరంగిణి గారు చెప్పిన వర్చువల్ మెషీన్‌లో నడిపి, ఓపెన్‌బీఎస్‌డీ మీద మాత్రమే వస్తోందని నిర్ధారించుకోండి. తప్పు క్రేట్‌లో ఉంటే దాని రచయితకు రాయండి. చాలామంది రచయితల దగ్గర పరీక్షించడానికి ఓపెన్‌బీఎస్‌డీ యంత్రం ఉండదు, కాబట్టి కంపైలర్ వెర్షన్, సిస్టమ్ విడుదల, పూర్తి ఎర్రర్ పాఠం, సమస్యను చూపించే అతి చిన్న కోడ్ జతచేసి, సవరణను పరీక్షించి పెడతానని కూడా చెప్పండి. టార్గెట్_ఓఎస్ షరతులో ఓపెన్‌బీఎస్‌డీ పేరును చేర్చినంత మాత్రాన సరిపోయే సందర్భాలు తరచుగా ఉంటాయి, ఆ సవరణను మీరే పంపవచ్చు. తప్పు ప్యాకేజీలోనే ఉందని తేలితే, పీకేజీ_ఇన్ఫో చూపించే నిర్వాహకుడికీ పోర్టుల మెయిలింగ్ లిస్టుకూ రాయాలి, రస్ట్ ప్రాజెక్టుకు కాదు.